వదలండి, వదలకండి

నేను ఎవరినీ తొందరగా నమ్మను. మా ఆయన నన్ను అనుమానప్పక్షి అంటారు. అననివ్వండి. వంకాయలు కొంటే ఒక్కోదాన్నీ చుట్టూ తిప్పి చూస్తాను. ఎవరైనా అడక్కుండానే సాయం చేస్తే, ఎందుకు చేశారా అని రెండు రోజులు ఆలోచిస్తాను. ఇంట్లో ఇది జబ్బులా కనిపిస్తుందేమో గానీ, రాళ్ళ పనిలో ఈ జబ్బు లేనివాళ్ళకి పది వేళ్ళూ మిగలవు.

మాది కడియం దగ్గర చిన్న నర్సరీ. మొదట్లో మొక్కలే అమ్మేవాళ్ళం. తర్వాత తోటల్లో ఇళ్ళు కట్టుకునేవాళ్ళు ఎక్కువై, మొక్కలతో పాటు రాళ్ళు కూడా కావాలనడం మొదలుపెట్టారు. చెట్టు కింద కూర్చోవడానికి ఒక బండ, తామరల తొట్టి పక్కన నిలబెట్టడానికి ఒక గుండు, నడవడానికి పలకలు. మా డెల్టాలో మట్టికి కొదవ లేదు గానీ, కాకిని తోలడానికి కూడా ఒక రాయి దొరకదు. ఏ రాయైనా పోలవరం అవతల కొండలవైపు నుంచి లారీ ఎక్కి రావలసిందే. అక్కడివాళ్ళు కాలికి తగిలిందని తిట్టుకునే రాయిని మేమిక్కడ బాలింతని దింపుకున్నట్టు దింపుకుంటాం.

రాయి బరువు రాయిని చూస్తే తెలుస్తుంది. దాని కిందున్న నేల సంగతే ఎవరికీ తెలియదు. మా ఒండ్రు నేల పైన ఎండి పెంకు కట్టి, లోపల పెరుగులా ఉంటుంది. మనిషి నడిస్తే ఊరుకుంటుంది, రాయి ఎక్కగానే నోరు తెరుస్తుంది. అందుకే మేం రాయిని నేల మీద నడిపించం. తాటి దూలాలతో చేసిన చట్రం మీద కూర్చోబెట్టి, దాని కింద తాటి బల్లలు పరిచి, వెనక బల్ల తీసి ముందు వేసుకుంటూ కొద్దికొద్దిగా జరుపుతాం. ఏటవాలులో దించాల్సి వస్తే పైనుంచి తాడు కట్టి ఆపుతాం. ఆ తాడుని ఒక గుంజకి మూడు చుట్లు తిప్పి ఒక మనిషి పట్టుకుంటాడు. చుట్లు ఉన్నంతసేపూ పెద్ద బలం అక్కర్లేదు, నాలాంటిది కూడా ఆపగలదు. కావలసింది బలం కాదు, చెవి. కిందినుంచి మా ఆయన వదులు అంటే వదలాలి, వదలకు అంటే ఆపాలి.

మా ఆయన ఎప్పుడూ కిందే ఉంటారు. చట్రం పక్కన నిలబడి గునపంతో దారి సరిచేస్తూ, అది ఆగినప్పుడల్లా అడ్డు చెక్కలు పెడుతూ ఉంటారు. నేను మధ్యలో నిలబడి రాయిని, తాడుని, నేలని మార్చి మార్చి చూస్తూ ఉంటాను. తాడు దగ్గర మా దగ్గరే జుట్టు నెరిసిన మనిషి ఒకాయన ఉండేవాడు. మా ఆయన దగ్గితే చాలు, ఆ దగ్గు రాయి గురించో జలుబు గురించో ఆయనకి తెలిసిపోయేది. మొన్న వానాకాలంలో ఆయన మోకాలు పాడై ఇంటిపట్టున ఉండిపోయాడు. తాడు దగ్గర మనిషి లేకుండా పోయింది.

సరిగ్గా ఆ సమయానికే మా అల్లుడు వచ్చాడు.

మాకు ఒక్కతే కూతురు. పెళ్ళై అప్పటికి ఏడాది దాటింది. అల్లుడు రాజమండ్రిలో కార్ల షోరూంలో పనిచేసేవాడు. ఒక రోజు ఇద్దరూ సూట్‌కేసులతో దిగారు. కొన్నాళ్ళు ఇక్కడే ఉండి మాతో పాటు పని నేర్చుకుంటానని అల్లుడు చెప్పాడు. షోరూం ఏమైందని అడిగితే, మానేశానండి అన్నాడు. మానేశాడో, మాన్పించారో నాకెలా తెలుస్తుంది? మా అమ్మాయిని పక్కకి పిలిచి అడిగితే, అమ్మా నువ్వు మొదలుపెట్టకు అంది. దాంతో నా అనుమానం ఇంకా బలపడింది.

అతని మీద నాకున్న అనుమానాలు చెప్పాలంటే చాలా ఉన్నాయి. ఏ కూర వండినా బాగుందండి అంటాడు. దొండకాయ వేపుడు మాడిపోయిన రోజు కూడా బాగుందండి అన్నాడు. మాడిన కూరని మెచ్చుకునేవాడి ఏ మెప్పుని నమ్మాలి? రాళ్ళన్నిటికీ ఫోన్లో ఫొటోలు తీసేవాడు. లారీవాళ్ళతో దూరంగా నిలబడి మాట్లాడేవాడు. రోజూ సాయంత్రం క్రోటన్ మొక్కల షెడ్డు వెనక్కి వెళ్ళి ఎవరితోనో గొంతు తగ్గించి ఫోన్లో మాట్లాడేవాడు. ఆ ఫోన్లు ఎవరికో నాకు ఇప్పటికీ తెలియదు. మేం ఇద్దరం ఇన్నేళ్ళు నడుములు వంచి నిలబెట్టుకున్న నర్సరీని ఈ మర్యాదస్తుడు మెల్లగా చుట్టబెట్టుకుపోతాడని నా భయం. మా ఆయనకి చెబితే, అల్లుడికి కాక ఎవరికి చుట్టబెడతావే అని నవ్వారు. ఆయన నవ్వుని కూడా నేను నమ్మలేదు.

ఆత్రేయపురం దగ్గరి కాలవ గట్టు పని ఆ రోజుల్లోనే వచ్చింది.

అక్కడి తోట ఆసామి ఒకాయన పెనుగొండలో వ్యాపారం పిల్లలకి అప్పగించి, కొబ్బరి తోటలో ఇల్లు కట్టుకున్నాడు. ఇంటి ముందు తామరల తొట్టి పక్కన పెద్ద రాయి ఒకటి ఉండాలని ఆయన కోరిక. రాయి మా దగ్గరే ఎంచుకున్నాడు. బూడిద రంగుది, ఒకవైపు నున్నగా, ఒకవైపు గరుకుగా, పడుకున్న గేదంత ఉంటుంది. లారీ కాలవ గట్టు దాకా వస్తుంది. హైడ్రా క్రేను రాయిని గట్టు మీద దించి వెళ్ళిపోతుంది. అక్కడినుంచి గట్టు వాలు దిగాలి, వాలు అడుగున నీటి బోదె దాటాలి, తర్వాత కొబ్బరి చెట్ల మధ్య నుంచి ఇంటి ముందుకి చేరాలి. జేసీబీ దింపుదామంటే నేల తడి, బోదెల కింద పైపులు, పైగా కొబ్బరి వేళ్ళు తెగుతాయని ఆసామి గోల. అందుకని మా పాత పద్ధతే గతి అయింది.

ఆ రోజు పొద్దున్నే వెళ్ళాం. మేమిద్దరం, అల్లుడు, బల్లలు మార్చడానికి ఇద్దరు కూలీలు. ఆసామి ఎదురొచ్చి మమ్మల్ని తమరు, తమరు అంటూ, పళ్ళెంలో పూతరేకులు పెట్టించాడు. పని కాకముందే స్వీటు పెట్టేవాళ్ళని చూస్తే నాకు గుండె దడ. రాయి దిగాక ఇది కాదు నేను చెప్పింది అంటాడేమోనని, తింటున్నంతసేపూ ఆయన మొహమే చూశాను. మా ఆయన మాత్రం రెండోది కూడా తిన్నారు.

తాడు కట్టడానికి గట్టు మీద కొబ్బరి చెట్టు ఉంది. కొబ్బరి చెట్టుని నేను నమ్మను. చూడ్డానికి స్తంభంలా ఉంటుంది గానీ వేళ్ళు పైపైనే ఉంటాయి, తడి గట్టులో ఊడివచ్చినా వస్తుంది. పక్కనే పూర్వం కాలవలో పడవలు తిరిగిన రోజుల్లో వాటిని కట్టేందుకు పాతిన ఇనప గుంజ ఉంది. దాన్నీ నమ్మలేదు. మొదలు దగ్గర మట్టి తవ్వించి, తుప్పు గీకించి, లారీ వెళ్ళేలోపు గుంజని లారీకే కట్టి లాగించి చూశాను. అది కదల్లేదు. తాడుని మొదటినుంచి చివరిదాకా చేతిలో పారించి చూశాను. తాడు బాగుంది. ఇక మిగిలింది మనిషి.

తాడు ఎవరు పట్టుకోవాలన్న దగ్గర మా ఆయనకీ నాకూ చిన్న గొడవ అయింది. నేను పట్టుకుంటానన్నాను. మధ్యలో నిలబడి చూసేది ఎవరని అడిగారు ఆయన. కూలీల్లో ఒకణ్ణి పెడదామన్నాను. కూలీకిచ్చి అల్లుడిని పక్కన నిలబెడితే చిన్నతనంగా ఉంటుంది, అమ్మాయి వింటే ఏమనుకుంటుంది అన్నారు. ఆయన కాళ్ళు రాయి కింద ఉంటాయి. తాడు ఎవరి చేతిలో ఉంటే ఆ కాళ్ళు వాళ్ళ చేతిలో ఉన్నట్టే. ఆ సంగతి నేను మొహం మీదే చెప్పాను. ఆయన నావైపు కాసేపు చూసి, మన పిల్లనే ఇచ్చాం కదే అని తాడు తీసుకెళ్ళి అల్లుడి చేతిలో పెట్టారు. చుట్లు ఎలా తిప్పాలో, ఎలా వదలాలో, చెయ్యి గుంజకి ఎంత దూరంలో ఉండాలో చూపించారు. అల్లుడు అలాగేనండి, అలాగేనండి అన్నాడు.

రాయి దిగడం మొదలైంది. పక్క తోటలో ఆయిలింజను ఆడుతోంది. కాసేపు ఆపమని మనిషిని పంపితే, ఇవాళ కాలవ నీళ్ళకి మా వంతు, ఆపితే మళ్ళీ ఎప్పటికో అని ఆ తోటవాళ్ళు ఒప్పుకోలేదు. ఆ డగడగల్లో మాట వినబడాలంటే అరవాలి. మా ఆయన అరుస్తున్నారు, అల్లుడు వదులుతున్నాడు. సగం వాలు దాకా చట్రం చెప్పినట్టే జారింది. నేను రాయిని తక్కువ, అల్లుడి చేతులని ఎక్కువ చూశాను. చేతులు బాగానే పనిచేస్తున్నాయి. అదీ నాకు నచ్చలేదు. కార్లు అమ్మినవాడికి ఇంత తొందరగా ఈ పని ఎలా వచ్చేసింది?

వాలు అడుగున, బోదె మీద పరిచిన బల్ల దగ్గర, చట్రం ముక్కు దిగబడింది. బల్ల చివర బురదలోకి కుంగింది. కూలీలు రెండో బల్ల తేవడానికి వెళ్ళారు. వాళ్ళు వచ్చేదాకా ఆగాల్సింది. మా ఆయన ఆగలేదు. గునపం పక్కనపెట్టి, కుంగిన బల్లని మోకాలితో లోపలికి నెట్టడానికి ఒక కాలు చట్రం ముందు పెట్టారు. పైకి అరిచారు. పైన తాడు వదులైంది. చట్రం ఒక్క ఊపున ముందుకి జారింది.

ఆయన వెనక్కి పడిపోయారు. కాలు మోకాలి కింద దాకా చట్రం కింద ఉంది.

నేను ఎలా దిగానో నాకు గుర్తులేదు. కూలీలు గునపాలు పెట్టి ఎత్తారు, అల్లుడు తాడుని గుంజకి ముడేసి పరిగెత్తుకొచ్చాడు, అందరం కలిసి ఆయన్ని లాగాం. పొద్దుటినుంచి నేను తిట్టిపోసిన బురదే ఆ కాలిని మింగి దాచింది. ఎముక విరగలేదు. చర్మం లేచిపోయింది, చీలమండ అప్పటికప్పుడే వాచింది. అదే గట్టి నేలైతే ఈ పాటికి నేను ఇంకో రకంగా రాస్తూ ఉండేదాన్ని, లేదా రాసేదాన్నే కాదు.

ఆయన బతికి ఉన్నారని తెలిశాక నాకు కోపం వచ్చింది. అలాంటి కోపం నాకు అంతకు ముందు రాలేదు. అల్లుడివైపు తిరిగాను. ఇన్నాళ్ళ అనుమానాలన్నీ గొంతులోకి వచ్చాయి. షోరూం, ఫోన్లు, ఫొటోలు, మాడిన దొండకాయ, అన్నీ.

"ఎందుకు వదిలారు?" అన్నాను. అంత కోపంలోనూ 'వదిలారు' అనే వచ్చింది నాకు.

అతని మొహంలో రక్తం లేదు. "మావయ్యగారు వదలండి అన్నారండి" అన్నాడు.

"వదలకండి అన్నాను" అన్నారు మా ఆయన, నేల మీద కూర్చునే.

పక్క తోటలో ఇంజను ఆడుతూనే ఉంది. మా ఆయన తల దించుకుని కాలు చూసుకుంటూ, అల్లుడుగారూ, మీరు కాసేపు అలా వెళ్ళి కుర్చీలో కూర్చోండి అన్నారు. గొంతు పెంచలేదు. మావైపు ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. అల్లుడికి అది అర్థమైంది. అయినా కదల్లేదు. వదలండి అనే వినబడిందండి అని మళ్ళీ అన్నాడు, ఈసారి మెల్లగా. కూలీల్లో ఒకతను, నాకూ అలాగే వినబడిందమ్మా అన్నాడు. ఆ కూలీ, అల్లుడు పొద్దున కలిసి టీ తాగడం నేను చూశాను. కూలీ మాటని పక్కన పెట్టేశాను.

నేను మధ్యలో నిలబడి ఉన్నాను కదా. నాకేం వినబడింది? ఎంత తవ్వుకున్నా తేలలేదు. మా ఆయన అరుపు గుర్తుంది, చివర 'అండీ' అని సాగదీయడం గుర్తుంది. అప్పుడు నేను అల్లుడి చేతులనే చూస్తున్నాను. ఆ మాట మధ్యలో ఏముందో నా చెవి పట్టుకోలేదు.

ఇక్కడ తేలకపోతే ఇంకెక్కడా తేలదని నాకు తెలుసు. ఇంటికి వెళ్ళాక మా అమ్మాయి అడుగుతుంది. నేను ఏం చెబుతాను? నీ మొగుడు మీ నాన్న కాలి మీదికి రాయి వదిలాడని చెబితే, వాళ్ళు ఆ సాయంత్రమే సూట్‌కేసులు సర్దుకుంటారు. చెప్పకుండా మింగితే, రేపటినుంచి ఆ మనిషి చేతికి నీళ్ళ గ్లాసు అందించాలన్నా నా చెయ్యి ముందుకి పోదు. వాడు చెడ్డవాడని తేలినా సరే, కాదని తేలినా సరే, నాకు తేలాలి. తేలకుండా నేను బతకలేను.

నేను గట్టెక్కాను. గుంజ దగ్గర, అల్లుడు నిలబడ్డ చోటే, రాయివైపు వీపు తిప్పి నిలబడ్డాను. అక్కడినుంచే మా ఆయనకి అరిచి చెప్పాను. ఆ రెండు మాటలూ మీ ఇష్టం వచ్చిన వరసలో అరవండి, ఏదన్నారో నేను చెబుతాను, ఎన్ని తప్పాయో కూలీ వేళ్ళ మీద లెక్కపెడతాడు అన్నాను.

నాకు పిచ్చెక్కిందనే అనుకుని ఉంటారు. అయినా మొదలుపెట్టారు. వాచిన కాలు బోదె నీళ్ళలో పెట్టుకుని, బురద బట్టలతో కూర్చుని, వదలండీ, వదలకండీ, వదలండీ అని అరుస్తున్నారు. ఆసామి వరండాలోంచి లేచి వచ్చి, ఏంటండీ ఇది, ఏమైనా పూజా అని అడిగాడట. నేను కళ్ళు మూసుకుని చెవి పెట్టి విన్నాను. వదలకండి అని ఆయన అరిచినది నాకు వదలండి అని వినబడింది. వదలండి అన్నది వదలకండి అని చెప్పాను. మధ్యలో ఉన్న ఆ చిన్న 'క' ఇంజను చప్పుడులో కలిసిపోతోంది. చివర గట్టిగా సాగేదంతా అండీ, అండీ. ఇన్నేళ్ళు ఆయనతో కాపురం చేసిన నా చెవికే తేడా తెలియలేదు.

పాత మనిషితో ఈ చిక్కు ఏనాడూ రాలేదు. ఆయనతో వదులు, వదలకు అని మొండిగా అనేవారు. ఆ 'కు' చివర్లో కొట్టినట్టు వినబడేది. అల్లుడికి అలా చెప్పలేకపోయారు. చెప్పలేకపోవడమే ఆయన కాలి మీదికి వచ్చింది.

కిందికి దిగి ఆ మాట చెప్పాను. అల్లుడు కళ్ళు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆసామి చాలా తెలివిగా, అయితే పట్టండి అని ఇంకో మాట పెట్టుకోండి అన్నాడు. పెట్టుకోవచ్చు. కానీ భయంలో నోటికి కొత్త మాట రాదు. ఏళ్ళ తరబడి అరిచిన మాటే వస్తుంది, దాని తోకకి అండి తగులుకునే వస్తుంది. అయితే అండి తీసెయ్యండి, రాయి దగ్గర అతన్ని నువ్వు అనండి అన్నాను మా ఆయనతో.

ఆయన నావైపు తప్పు మాట విన్నట్టు చూశారు. "కాళ్ళు కడిగి పిల్లనిచ్చానే. వదలకు అని నా నోటితో ఎలా అంటాను?" అన్నారు.

రాయి మాత్రం వాలు అడుగున ముక్కు దిగేసుకుని కూర్చుంది. దాన్ని అలా వదిలేసి పోవడానికి లేదు. బోదెలో నీళ్ళు పెరిగితే బల్లలు ఇంకా కుంగుతాయి, చట్రం ఒరిగితే ఆ రాయిని ఎవరూ లేపలేరు. మా ఆయన నిలబడలేరు. కూలీలకి బల్లలు మార్చడం తెలుసు గానీ, అడ్డు చెక్క ఎప్పుడు ఎక్కడ పెట్టాలో తెలియదు. పొద్దుటినుంచి పైనుంచి కళ్ళప్పగించి చూసినవాడు ఒక్క అల్లుడే. అతను చొక్కా చేతులు పైకి మడుచుకుని, కింద నేనుంటాను అన్నాడు.

మరి తాడు ఎవరు పట్టుకుంటారని అడిగాను.

"మీకు నా మీద నమ్మకం లేదని నాకు తెలుసండి" అన్నాడు. "తాడు మీరే పట్టుకోండి, అత్తయ్యగారూ."

అందులో కోపం ఉందేమోనని వెతికాను, లేదు. దెప్పిపొడుపు ఉందేమోనని చూశాను, అదీ లేదు. ఇదీ ఒక ఎత్తేనేమో, నన్ను మంచి చేసుకోవడానికేమో అని కూడా ఒక్క క్షణం అనుకున్నాను. అంతలో అతను ఇంకో మాట అన్నాడు. "రాయి దిగేదాకా మీకు అండి ఉండదండి. ఏమీ అనుకోకండి." మా ఆయన అంత నొప్పిలోనూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

చేతులకి తువ్వాలు చుట్టుకుని గుంజ దగ్గర నిలబడ్డాను. మూడు చుట్లూ తడిమి చూసుకున్నాను. మా ఆయన మధ్యలో, నేనుండే చోట, గట్టుకి జేరబడి కూర్చున్నారు. తాడు మీద భారం పడగానే నా మోచేతుల దాకా తెలిసింది. ఇన్నేళ్ళూ నేను తాడు పట్టుకున్నవాళ్ళని అనుమానిస్తూ నిలబడ్డాను గానీ, ఎప్పుడూ తాడు పట్టుకోలేదు. ఇప్పుడు కింద ఉన్నది మా అమ్మాయి పుస్తెలు. నా చెవి తప్పు వింటే, నా చెయ్యి ఒక్కసారి చెమర్చి జారితే, నేను ఆ పిల్లకి జవాబు చెప్పుకోవాలి. నేను అతన్ని ఏమని అడిగానో ఆ పిల్లా నన్ను అదే అడుగుతుంది. నాకు నిజంగా భయం వేసింది.

"వదులు" అన్నాడు కిందినుంచి. గొంతు కొంచెం బెరుగ్గా వచ్చింది. వదిలాను. చట్రం కదిలింది. "వదులు" అన్నాడు మళ్ళీ, ఈసారి గట్టిగా. కొత్త బల్ల మీదికి ముక్కు ఎక్కింది. ఎక్కుతూనే ఒక పక్కకి ఒరగడం నాకు పైనుంచే కనిపించింది.

"వదలకు!"

ఇంజను మీదుగా, కొబ్బరాకుల మీదుగా, ఆ 'కు' నా చెవిలో వచ్చి గుచ్చుకుంది. నన్ను అత్తవారింట్లో గానీ పుట్టింట్లో గానీ నాకన్నా చిన్నవాళ్ళెవరూ అలా అనలేదు. నేను రెండు కాళ్ళూ గుంజకి తన్నిపెట్టి, తాడు ఒంటికి చుట్టుకున్నంత పనిచేసి ఆపాను. తువ్వాలు లోపల అరచేతులు మండుతున్నాయి.

అతను అడ్డు చెక్క పట్టుకుని చట్రం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. భుజం దాకా చెయ్యి దాని కిందికి పెట్టాడు. చెక్క సరిగ్గా కూర్చోలేదు, తీసి, మట్టి గీకి, మళ్ళీ పెట్టాడు. తొందరపడలేదు. నేను పైనుంచి చూస్తున్నాను. బురద చిందిన చొక్కా, వంగిన మెడ, అంతే కనిపిస్తోంది. మా ఆయనైతే ఇన్నేళ్ళ పాత మనిషి తాడు పట్టుకున్న రోజుల్లో కూడా, కింద చెయ్యి పెట్టేముందు ఒకసారి పైకి చూసేవారు. ఇతని చెయ్యి రాయి కింద ఉంది, తాడు అతన్ని ఒక్కరోజు కూడా నమ్మని మనిషి చేతిలో ఉంది. చెక్క బిగిసేదాకా నేను అతని వీపునే చూస్తూ నిలబడ్డాను. నేను పట్టుకున్నానో లేదో చూసుకోవడానికి అతను ఒక్కసారి కూడా తల తిప్పలేదు.